గుత్తిలో రెండో తాళంచెవి

అత్తగారు ఇంకా ఆ కారు మొహం చూడలేదు.

శనివారం సాయంత్రం అది టకటకలాడుతూ వచ్చి గేటు ముందు ఆగగానే వంటింటి కిటికీ మూసేసిన మనిషి, సోమవారం పొద్దుటి దాకా దాన్ని తెరవలేదు. పొయ్యి మీద ఏదో మాడి వంటిల్లంతా పొగ కమ్మింది. అయినా సరే, కిటికీ తెరిస్తే ఆ బూడిదరంగు కారు కనిపిస్తుంది.

"కిటికీ తియ్యండత్తయ్యా, ఊపిరాడటం లేదు," అంది కోడలు.

"నాకు శనివారం నుంచీ ఆడటం లేదు."

కోడలు పొయ్యి కట్టేసింది. పొద్దున్నే ఒంటికాలి మీద లేచే మనిషితో వాదన పెట్టుకుంటే, బయల్దేరాల్సిన వేళ కాస్తా వాదనలోనే గడిచిపోతుంది. ఈ రోజు ఆలస్యం కాకూడదు.

కొండదారికి అవతల ఉన్న పునరావాస కేంద్రంలో ఆమె ఫిజియోథెరపిస్టు. కాళ్లు విరిగినవాళ్లకీ, పక్షవాతంతో పడిపోయినవాళ్లకీ మళ్లీ నడక నేర్పడం ఆమె పని. అక్కడ అందరూ ఆమెను నడక టీచరు అంటారు. ఇన్నాళ్లూ వారానికి రెండుసార్లు బస్సులో వెళ్లొచ్చేది. ఈ సోమవారం నుంచి ఆ విభాగానికి ఆమే పెద్ద, ఇక రోజూ వెళ్లాలి.

"నా కొడుకు ప్రాణం అమ్మించేశావు," అంది అత్తగారు, మాడిన గిన్నెను తోముతూ. "పాత సామాన్ల కొట్లో తుప్పు పట్టి పడున్న కారుని తెచ్చి, ఒక్కో ముక్కా చేత్తో బాగు చేసుకున్నాడు. ఆ ఎరుపు రంగు కూడా వాడు కలుపుకున్నదే. దాన్ని ఎవడో కండలు పెంచేవాడికిచ్చి, ఆ కుర్రాడి నాన్న తోలే డీజిల్ డబ్బా తెచ్చుకున్నాడు. ఎవరి కోసం?"

"నేను అమ్మమన్లేదత్తయ్యా."

"అమ్మమని నోటితో అనాలేంటి?"

అదీ నిజమే. నోటితో అనలేదు. పోయిన వారం భోజనాల దగ్గర ఆమె అన్నది ఇంకో మాట. "రోజూ బస్సులో అయ్యే పని కాదండీ. మన ఎర్రదానికి ఆ కొండదారికి సరిపడా పెట్రోలు పొయ్యాలంటే మనవల్ల కాదు. కేంద్రంలో నాకో గది ఇస్తామంటున్నారు. వారంలో నాలుగు రాత్రులు అక్కడే ఉండి, శుక్రవారం సాయంత్రం వచ్చేస్తాను." ఎంతో ఆలోచించి, ఎవరికీ నొప్పి తగలకుండా కూర్చుకున్న మాటలవి. తప్పంతా కారు మీదకి నెట్టేస్తే ఎవరితోనూ గొడవ ఉండదు కదా అనుకుంది.

భర్త ఆ రోజు కిమ్మనకుండా తిని, చెయ్యి కడుక్కుని లేచాడు. శనివారానికి ఎర్రది లేదు. ఆమె సాకూ లేదు.

"అయితే ఇక రోజూ వచ్చి వెళ్లొచ్చుగా!" అని కూతురు చిట్టి గంతులేసింది. "వెళ్లొచ్చు," అంది తను. గది వద్దని కేంద్రానికి చెప్పేశానని కూడా అంది. చెప్పలేదు. గది తాళంచెవి అప్పటికే ఆమె దగ్గరుంది. కొత్త కారు తాళంచెవి చేతికి రాగానే, ఏమీ ఆలోచించకుండా, రెంటినీ ఒకే గుత్తికి తగిలించింది. దాచాల్సిన వస్తువును అందరికీ కనపడే చోట పెట్టే తెలివి ఈ ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉంది.

గది కావాలనుకోవడంలో పెద్ద రహస్యమేమీ లేదు. ఎవరితోనో సంబంధం లేదు, అత్తగారి మీద కసి లేదు. తలుపు వేసుకుంటే తనదనిపించే చోటు కావాలి, అంతే. పెళ్లయినప్పటి నుంచీ ఆదివారాలన్నీ ఎర్రదానివే. భర్త మంచివాడు. చెయ్యెత్తడు, గొంతెత్తడు. వీధి చివర ఇంజను చప్పుడు వినగానే ఏ సిలిండరు మందకొడిగా ఉందో చెప్పేస్తాడు. ఎదురుగా కూర్చున్న భార్య ఆరు నెలలుగా సరిగ్గా నిద్రపోవడం లేదని మాత్రం తెలియదు. ఆ మాట చెప్పాలని చాలాసార్లు అనుకుంది. చెప్పబోయి ఇంకేదో మాట అనేసేది.

ఇప్పుడేమో ఆయన తన కోసం ఎర్రదాన్నే ఇచ్చేశాడు. ఇక ఏ మొహం పెట్టుకుని ఆ మాట అంటుంది?

*

గేటు దగ్గర భర్త బానెట్ మూస్తున్నాడు. రంగుల దుకాణంలో రంగులు కలపడం ఆయన ఉద్యోగం. గోళ్ల అంచుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. ఇవాళ నీలం.

"కూర్చో. తాళం సగం తిప్పు. పూర్తిగా కాదు."

తిప్పింది. ఎదుట చిన్న పసుపు దీపం వెలిగింది.

"అది ఆరే దాకా ఆగాలి. లోపల వేడెక్కుతుందన్నమాట. ఎర్రదానిలా తాళం తిప్పగానే ఎగిరి దూకదు ఇది."

దీపం ఆరింది. మొత్తం తిప్పింది. ఇంజను దగ్గి, గొణిగి, టకటకమని అందుకుంది. సీటు కింద సన్నగా వణుకు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది."

"ట్యాంకులో కొంచెమే ఉంది. దారిలో పోయించుకో."

"సరే."

అప్పుడే వెనక వీధిలోంచి పెద్ద గర్జన వినిపించింది. చిట్టి బ్యాగు పడేసి గోడెక్కింది. "నాన్నా, మనది! మన ఎర్రది!" దాన్ని కొన్న వ్యాయామశాల కుర్రాడు పొద్దున్నే ఊరంతా తిప్పుతున్నాడు. వంటింట్లో గ్లాసులు గలగలమన్నాయి. భర్త తల తిప్పలేదు. చేతిగుడ్డతో బూడిదరంగు చిన్న కారు అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. ఎప్పుడో శుభ్రమైన అద్దాన్ని మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు.

ఆమె చూపు తిప్పుకుంది. గేరు వేసి బయల్దేరింది.

*

ఊరి చివర బంకులో ఆగి, కిటికీలోంచి తాళాల గుత్తి అందించింది. బంకు అమ్మాయి ట్యాంకు మూత తాళం తీసి, "ఏం పొయ్యమంటారు?" అంది.

ఆమె ఆలోచనంతా గది దగ్గరుంది. మంచం కిటికీ వైపు జరుపుకోవాలా, గోడ వైపు ఉంచాలా? అసలు ఇక జరిపే పని ఉందా? సాయంత్రం కేంద్రంలో గదులు చూసే వార్డెనుకు తాళంచెవి ఇచ్చేసి, "వద్దండీ, మా ఆయన కారు మార్చారు" అని చెప్పాలి. ఆ మాట ఎలా ఉంటుందో నోట్లోనే అనుకుని చూసుకుంది. బాగాలేదు.

"మేడమ్, ఏం పొయ్యమంటారు?"

"పెట్రోలు. ఫుల్."

"పెట్రోలేనా?"

"పెట్రోలే," అంది విసుగ్గా. ఏళ్ల తరబడి ఇదే బంకులో ఇదే మాట. నోటికి వేరే మాట రాదు.

డీజిల్ అని రాసిన చీటీ ఎప్పుడో ఊడిపోయింది. మూత మీద జిగురు మరక మాత్రం మిగిలింది. పైపు చక్కగా లోపలికి దూరింది. డబ్బులిచ్చి బయల్దేరింది. కొండదారి ఎక్కబోతుండగా ఇంజను కర్రతో కొట్టినట్టు శబ్దం చేసింది. మలుపు దాటగానే ఇంకా గట్టిగా కొట్టింది. ఇటుకల బట్టీ ఎదుట రెండుసార్లు ఎగిరిపడి, ఆగిపోయింది.

తాళం తిప్పింది. పసుపు దీపం వెలిగి ఆరింది. ఇంజను మాత్రం కదల్లేదు. అప్పుడు తట్టింది ఆమెకు, ఏం పోయించిందో. తల స్టీరింగుకి ఆనించింది.

ముందు కేంద్రానికి ఫోన్ చేసింది. మంచం పట్టి ఇప్పుడిప్పుడే లేస్తున్న టైలరు ఇవాళ మొదటిసారి, చేతులతో పట్టుకునే కమ్ములు వదిలి నిలబడాలి. "మీరు లేకపోతే నిలబడనంటున్నాడండీ," అంది అక్కడి నర్సు. "వస్తున్నాను, కూర్చోబెట్టండి," అంది.

తర్వాత భర్తకి చేసింది.

"ఆగిపోయిందండీ."

"శబ్దం చేసిందా?"

"చేసింది. నేను... పెట్రోలు పోయించాను."

అటునుంచి రంగుల డబ్బాలు కుదిపే యంత్రం గడగడలాడుతోంది. ఆయన దాన్ని ఆపాడు.

"ఇక తాళం తిప్పకు," అన్నాడు. "వస్తున్నా."

*

దుకాణం వ్యానులో వచ్చాడు, మెకానిక్కును వెంటేసుకుని. మెకానిక్కు కారు దగ్గర వాసన చూసి, తల కొట్టుకుని, పెద్దగా నవ్వాడు.

"వదినా, దాహమేస్తోందన్నవాడికి సారా పోశారు!"

ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. భర్త నవ్వలేదు, మొహం చిట్లించనూ లేదు. మోకాళ్ల మీద కూర్చుని తాడు కడుతూ, "అలవాటు," అన్నాడు. "నా చేతయినా అదే జరిగేది."

వ్యాను ముందు, కారు వెనక, మధ్యలో తాడు. ఇంజను ఆడని కారుకు బ్రేకూ, స్టీరింగూ రాళ్లలా బరువవుతాయని ఆమెకు అప్పుడే తెలిసింది. తాడు వదులైనప్పుడల్లా రెండు కాళ్లతో బ్రేకు తొక్కేది. వ్యాను అద్దంలోంచి భర్త కళ్లు తననే చూస్తున్నాయి. ప్రతి మలుపుకీ ముందే చెయ్యి బయటపెట్టి నెమ్మదిగా ఊపుతున్నాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఇన్నేళ్లలో ఇంతసేపు ఆయన తనవైపు చూడటం ఆమెకు జ్ఞాపకం లేదు.

షెడ్డులో మెకానిక్కు గుత్తి తీసుకుని వెనక్కి వెళ్లాడు.

"ట్యాంకంతా దింపాలి. ఫిల్టరు మార్చాలి. పంపు బాగుంటే సాయంత్రానికి ఇచ్చేస్తా. తొందరగానే ఆగింది, అదృష్టం." మూతకి తాళంచెవి పెట్టాడు. తిరగలేదు. "ఇదేంటి, పట్టడం లేదు?"

ఆమె చెయ్యి గుత్తి వైపు పోయింది.

"అది కాదు, పక్కది," అన్నాడు భర్త.

మెకానిక్కు పక్క చెవి పెట్టాడు. మూత వచ్చింది. పట్టనిదాన్ని వేలితో ఆడిస్తూ, "మరి ఇది దేనిది వదినా? దీంట్లో ఇంకేమైనా తాళాలున్నాయా?" అన్నాడు అమాయకంగా.

"ఇంటిది," అంది ఆమె.

భర్త తాడు చుట్టుకుంటున్నాడు. చుడుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. వాళ్లింటి తాళంచెవి పొడుగ్గా, ఇత్తడిది, పిడికి ఎర్ర రంగు చుక్క పెట్టి ఉంటుంది. ఆ చుక్క పెట్టింది ఆయనే.

*

కేంద్రం దాకా వ్యానులో దింపాడు. దారి పొడుగునా వెనక డబ్బాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. ఆమె రెండుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి, "మీకు దుకాణంలో ఆలస్యమైందా?" అంది. "లేదు," అన్నాడు. రెండోసారి ఏమీ అనకుండానే మూసుకుంది.

లోపల టైలరు చక్రాల కుర్చీలో మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"వచ్చారా టీచరుగారూ! నాకు నడక నేర్పేవాళ్లే నడిచొచ్చారా ఏంటి?"

"మీకోసం కారును కూడా లాక్కొచ్చాను. లేవండి, లేవండి. కాళ్లు చూసుకోకండి, నన్ను చూడండి."

"మిమ్మల్ని చూస్తే భయం."

"అయితే ఆ గడియారాన్ని చూడండి. అది మిమ్మల్ని తిట్టదు."

అతను లేచాడు. కమ్ముల మీంచి ఒక చెయ్యి తీశాడు, రెండోది తీశాడు. మోకాళ్లు వణికాయి. నడక టీచరు అతన్ని ముట్టుకోకుండా, ముట్టుకునేంత దగ్గరగా రెండు చేతులూ చాచి నిలబడింది. పడబోతున్నాడనుకున్నప్పుడు కూడా ముట్టుకోలేదు. అతను నిలబడ్డాడు.

"చూశారా! ఇక నా చొక్కా మీరే కుట్టాలి," అని ఆమె గట్టిగా, పగలబడి నవ్వింది. నవ్వుతూ పక్కకి తిరిగేసరికి గుమ్మంలో భర్త కనిపించాడు.

వెళ్లిపోయాడనుకుంది. నీలం అంటిన చేతులు కట్టుకుని, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. టైలరు చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి మళ్లీ తిరిగేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం ఆమె వార్డెను గది ముందు నుంచే బస్సుకు వెళ్లింది. లోపలికి వెళ్లలేదు. ఇవ్వడానికి తాళంచెవి చేతిలో లేదు కదా, షెడ్డులో ఉంది కదా అని తనకి తనే చెప్పుకుంది. నిజానికి చేతిలో ఉన్నా ఇచ్చేది కాదు.

*

ఇంటికొచ్చేసరికి చిన్న కారు గేటు దగ్గరుంది. వంటింటి కిటికీ ఈసారి తెరిచి ఉంది. అత్తగారికి కారుని చూడటం కంటే కోడల్ని నిలదియ్యడం ముఖ్యమైపోయింది.

"కావాలనే పోయించింది," అంటోంది కొడుకుతో, కోడలు వినాలనే. "చదువుకున్న మనిషి, నలుగురికి చెప్పే మనిషి. ఏది పొయ్యాలో తెలియదా? ఆ కారు పాడైతే నువ్వు మళ్లీ కొనలేవు, తను ఆ గదిలోనే ఉండిపోవచ్చు. అదీ లెక్క."

"అలవాటమ్మా."

"నీకు లేదా అలవాటు? శనివారం నువ్వు పొయ్యలేదే పెట్రోలు!"

ఆయన గోడ మేకుకున్న తాళాల గుత్తి అందుకున్నాడు.

"అమ్మా," అంది చిట్టి గుమ్మం దగ్గర నిలబడి. "నువ్వు కావాలనే పోయించావా?"

"లేదమ్మా," అంది ఆమె. చెప్పడానికి ముందు ఒక్క క్షణం తడుముకుంది. ఆ తడుముకోవడం ఎందుకో ఆమెకే తెలియలేదు. బంకు అమ్మాయి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ తనే చెప్పింది. అలవాటే. అలవాటు తప్ప ఇంకేమీ కాదని గట్టిగా అనుకుందామంటే మనసు మొండికేస్తోంది.

"చూశావా, నీళ్లు నములుతోంది," అంది అత్తగారు.

"చాల్లే అమ్మా," అన్నాడు కొడుకు. గొంతు పెద్దది కాలేదు కానీ, ఆ ఇంట్లో ఆ రెండు మాటలు ఎప్పుడూ వినపడినవి కావు. అత్తగారు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. "పద," అన్నాడు భార్యతో. "బండి ఎలా ఉందో చూద్దాం."

ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. ఆయన పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఇద్దరి మోకాళ్లూ దగ్గరగా ఉన్నాయి. ఎర్రదానిలో ఇద్దరూ కలిసి వెళ్తే ఆ పక్క సీటు ఎప్పుడూ ఆమెదే.

"తిప్పు. సగం."

తిప్పింది. పసుపు దీపం వెలిగింది.

"ఆ రెండో తాళంచెవి మన ఇంటిది కాదు," అన్నాడు.

ఆమె చెయ్యి తాళం మీదే ఉంది.

"కాదు."

"గదిదా?"

"గదిదే."

"వద్దని చెప్పేశానన్నావు."

"అబద్ధం చెప్పాను."

దీపం ఆరింది. ఆమె తాళం పూర్తిగా తిప్పలేదు. ఆయన తిప్పమనలేదు.

"కారు అడ్డమన్నావు. తీసేశాను," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. రంగు ఎందుకు కుదరలేదో కనుక్కుంటున్నట్టుంది. "ఇంకేం అడ్డం? అమ్మా? నేనా? చెప్తే కదా తెలిసేది. పొద్దున ఆ టైలరుతో మాట్లాడావే. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. దారంతా అదే ఆలోచించుకున్నాను."

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన మళ్లీ మౌనంగా లేచి వెళ్లిపోతాడని భయమేసి, ఆపుకుంది.

"ఎవరూ అడ్డం కాదు," అంది. "నాకు ఆ గది కావాలి. అంతే. కారు కోసం కాదు, బస్సు కోసం కాదు. నాకు కావాలి."

అనేసింది. అన్నాక ఒళ్లు తేలికైంది. ఆ వెంటనే సిగ్గేసింది. ఈ రెండు ముక్కలూ పోయిన వారమే అనుంటే ఎర్రది ఈ గేటు ముందే ఉండేది.

ఆయన చెయ్యి చాచి, తాళం నుంచి గుత్తి బయటికి లాగాడు. గోటితో రింగు విడదీసి, గది చెవిని మెల్లగా తిప్పి తిప్పి ఊడదీశాడు. దాన్ని ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. కారు తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.

"రేపు నేను దింపుతా. బట్టలు ఎన్ని కావాలో అన్నీ పెట్టుకో," అన్నాడు. "శుక్రవారం తీసుకురావడానికి రావాలా, అక్కర్లేదా? అదొక్కటి చెప్పు. సాకులొద్దు. ఇక ఇచ్చేయడానికి నా దగ్గర ఇంకో కారు లేదు."

ఆమె జవాబు కోసం నోరు తెరిచింది.

అప్పుడే వీధి చివర గర్జన మొదలైంది. దగ్గరైంది. ఇంట్లో గ్లాసులు గలగలమన్నాయి. సాయంత్రపు వెలుగులో ఎర్రది గేటు ముందు నుంచి దూసుకుపోయింది.

ఈసారి ఆయన తల తిప్పాడు. అది మలుపు తిరిగే దాకా, తిరిగి చప్పుడు వినపడనంత దూరం పోయే దాకా, ఆయన అటే చూస్తూ కూర్చున్నాడు.